చెవి లేని టేపు

కళ్ళజోడుని చంపారన్న దానికన్నా, చంపాక అతని నోటికి టేపు అంటించారన్న దానికే మిర్చికి ఎక్కువగా ఒళ్ళు మండింది.

ఈ ఉద్యోగంలో చావు కొత్త కాదు. కానీ ఇది చావుతో ఆగలేదు, వెక్కిరింపు కూడా. "ఇతను మీకేదో చెప్పబోయాడు, మేం చెప్పనివ్వలేదు, ఏం చేసుకుంటారో చేసుకోండి" అన్నట్టు ఉంది బల్ల మీదున్న ఆ ఫొటో. ఒక ఫ్యాక్టరీలో, పెయింట్ షాపు వెనక మెట్ల కింద పడి ఉన్నాడు కళ్ళజోడు. అద్దాలు పగిలిపోయాయి. పెదవుల మీద అడ్డంగా, నున్నగా, అంచులు కూడా లేవకుండా అంటించిన ఆకుపచ్చ టేపు.

"ఈ టేపేంటో తెలుసా?" అన్నాడు పెద్దాయన. గూఢచారుల డిపార్ట్‌మెంట్‌కి చీఫ్ ఆయన. ఎంత ఘోరం జరిగినా నిమ్మకు నీరెత్తినట్టు కూర్చోవడం ఆయన ప్రత్యేకత.

"పెయింట్ వేసేటప్పుడు అంటించేది."

"అది కాగితం టేపు. ఇది వేడికి తట్టుకునేది. సర్క్యూట్ బోర్డుల్ని కరిగిన టంకం మీదుగా పంపుతారు చూడు, టంకం అంటకూడని చోట ఈ జాతి టేపే వేస్తారు. విమానం ఇంజన్ రెక్కలకి లోహపు పూత చల్లినా ఇదే రక్ష. ఇనుప పెట్టెలకి పౌడర్ పెయింట్ కొట్టి ఓవెన్లో పెట్టినప్పుడు, పెయింట్ పడకూడని చోట ఇదే. మామూలు టేపయితే ఆ వేడికి మైనంలా కారిపోతుంది. ఇది కరగదు, కాలదు, పీకేస్తే మరక మిగల్చదు."

"మిగిలిస్తే?"

పెద్దాయన మొదటిసారి కళ్ళెత్తి చూశాడు. "కళ్ళజోడు చివరి మెసేజ్ అదే. 'టేపు మిగులుతోంది.' అంతే. ఆ తర్వాత ఇదిగో, ఈ ఫొటో."

కళ్ళజోడు ఆ ఫ్యాక్టరీలో క్వాలిటీ ఇన్‌స్పెక్టర్ వేషంలో ఉన్న డిపార్ట్‌మెంట్ మనిషి. ఆ ఫ్యాక్టరీ రంగులు వేసే చిన్న ఇనుప పెట్టెలు కొండ మీది ఊరి నుంచి రేవుకి దిగే కొత్త రైలువి. ఒక్కో పెట్టెలో బ్రేకుల్ని నడిపించే కంప్యూటర్ ఉంటుంది. సరిహద్దు అవతల ఒక ముఠా ఉంది. దాని వెనక ఒక కంపెనీ ఉంది. ఆ కంపెనీ కూడా ఇలాంటి రైళ్ళే అమ్ముతుంది. ఈ రైలు మొదటి ట్రిప్పులోనే కొండ మీంచి జారి రేవులో పడితే, ఇక లోకమంతా వాళ్ళ దగ్గరే కొంటుంది.

"ఆ మొదటి ట్రిప్పు నడిపేది మా అక్క" అంది మిర్చి.

"తెలుసు. అందుకే నిన్ను పంపకూడదనుకున్నాను."

"మరి?"

"ఇంకెవరూ ఖాళీగా లేరు."

మిర్చి పళ్ళు పటపట కొరికింది. "ట్రిప్పు ఆపించండి సార్."

"ఆధారం కావాలి. ఆహ్వానాలు వెళ్ళిపోయాయి. చాలా పెద్దవాళ్ళు వస్తున్నారు."

"పెద్దవాళ్ళు రేవులో మునిగితే చిన్నవాళ్ళవుతారా?"

"నోరు" అన్నాడు పెద్దాయన. ఆమెకి మిర్చి అని కోడ్ నేమ్ పెట్టింది ఆయనే, అనుభవించేదీ ఆయనే. "అక్కడ నెమలి కూడా ఉంది. మన ఏజెంటే. ముఠాలో చేరినట్టు నటిస్తూ, టేపు సప్లయర్ దగ్గర సేల్స్ మేనేజర్‌గా ఉంది. అంతకు ముందు పని నేర్చుకోవడానికి వేరే ఊళ్ళో, పెట్టెలకి టేపు వేసే మాస్కింగ్ లైన్ మీద నెలల తరబడి చేసింది. వచ్చిన ప్రతి లాటూ తనే టెస్టు చేయించింది. టేపు క్లీన్ అంటోంది. తప్పు లైన్ మీద పనిచేసేవాళ్ళదే అని తన రిపోర్టు. ట్రిప్పు రేపు సాయంత్రమే, ఈలోగా వెళ్ళి తేల్చు. చొక్కా బొత్తాంలో మైకు, చెవిలో చిన్న స్పీకరు బొడిపె ఉంటాయి, నేను వింటూ ఉంటాను."

"విని?"

పెద్దాయన ఫొటోని ఫైల్లో పెట్టి మూసేశాడు.

ఇంట్లోవాళ్ళకి మిర్చి బీమా కంపెనీ ఉద్యోగి. అక్క మాత్రం "నీ మొహానికి బీమా ఎవడు కడతాడే" అని నవ్వుతుంది. తండ్రి పోయాక చెల్లెల్ని చదివించింది ఆ అక్కే. ఆ చదువు కోసం రైల్వేలో చేరి, ఇంజన్ గదిలో మసి కొట్టుకుంటూ పైకొచ్చింది. ఆ అక్క మీద ఎవడో పరాయి కంపెనీ వాడు లాభం లెక్క వేసుకున్నాడంటేనే మిర్చికి కడుపు రగిలిపోతోంది.

*

మాస్కింగ్ లైన్ మీద అందరికీ నీలం కోటు, తలకి గుడ్డ టోపీ. కొత్తగా చేరిన కార్మికురాలి వేషంలో మిర్చి మొదటి పెట్టె అందుకుంది. పెట్టె అడుగున ఒక గుండ్రటి చోటు. అక్కడ ఎర్త్ తీగ తగులుతుంది కాబట్టి పెయింట్ పడకూడదు. టేపు కోసి, శుభ్రంగా అంటించి, మురిసిపోయింది.

"ఇదేంటిది?" వెనక నుంచి గొంతు. లైన్‌కి పెద్దది, అందరూ పిన్ని అంటారు. నడుం మీద చెయ్యి వేసుకుని నిలబడింది.

"టేపు, పిన్నీ."

"టేపని నాకూ కనబడుతోంది. చెవేది?"

"చెవా?"

"ఓరి దేవుడా, ఎక్కణ్ణుంచి పంపుతారమ్మా మిమ్మల్ని! ఓవెన్లోంచి వచ్చాక వేడి మీదే టేపు లాగాలి. చల్లారనిచ్చావో, దాంతోపాటు పెయింట్ అంచు పెచ్చులూడుతుంది. చేతికేమో ఇంత లావు గ్లవుజులు. అప్పుడు అంచెక్కడుందో నీ తాతొచ్చి వెతుకుతాడా?" అంటూ పిన్ని టేపు చివర పిసరంత లోపలికి మడిచి అంటించింది. పట్టుకోవడానికి చిన్న తోక లాంటిది నిలబడింది. "ఇదీ చెవి. చెవి పట్టుకుని లాగితే ఏ వెధవైనా వస్తాడు."

లైనంతా గొల్లుమంది. మిర్చికి కూడా చాలా రోజుల తర్వాత నవ్వొచ్చింది.

ఆ పని ఎలాంటిదంటే, మధ్యాహ్నానికల్లా వేళ్ళు మాట వినడం మానేశాయి. వేలు తెగితే ప్లాస్టర్ వేసుకుంది, దానికీ చెవి మడిచింది. టిఫిను డబ్బా మూత ఊడకుండా ముక్క అంటించింది, దానికీ చెవే. పిన్నిని అడిగితే, "మా ఆయన ఉత్తరాలంటించినా చెవి మడుస్తాను, తిడతాడు" అంది. ఒక్క షిఫ్టు చేసినవాళ్ళెవరూ ఈ రోగం తప్పించుకోలేరట.

ఓవెన్లోంచి వచ్చిన పెట్టెల మీద టేపు లాగేసి చూసింది మిర్చి. ఇనుము తళతళ మెరుస్తోంది. టెస్టర్ మొన ఆనించింది, లైటు వెలిగింది. అంతా బాగానే ఉంది. ఎక్కడో మాత్రం బాగాలేదు. సీసాలో నీళ్ళు ఒక చుక్క దాని మీద వదిలింది. శుభ్రమైన ఇనుము మీద నీళ్ళు పరుచుకోవాలి. ఇక్కడ ముత్యంలా గుండ్రంగా నిలబడ్డాయి.

"పిన్నీ, ఈ టేపు ఎప్పట్నుంచి?"

"ఈ మధ్యే మారింది. రైలు బ్రేకు పెట్టెలకి మాత్రమే ఈ లాటు వాడమన్నారు. ఆ క్వాలిటీ సారు కూడా ఇలాగే నీళ్ళ చుక్కలు వేసి చూశాడు." పిన్ని గొంతు తగ్గింది. "మర్నాడు పోయాడు."

కళ్ళజోడు ఏం చూశాడో మిర్చికి అర్థమైంది. టేపు జిగురు కంటికి కనబడని పొరగా ఇనుము మీద మిగులుతోంది. సూది లాంటి టెస్టర్ మొన ఆ పొరని గుచ్చుకుని పోతుంది, అందుకే లైటు వెలుగుతోంది. ఎర్త్ తీగకి ఉండేది చదునైన రాగి నాలుక. అది పొర మీదే కూర్చుంటుంది. కరెంటుకి దారి లేదు. ఎర్త్ లేని పెట్టె అంటే తలుపుల్లేని ఇల్లే. దగ్గర్లో ఎవడైనా ఒక ట్రాన్స్‌మిటర్ పెట్టి "బ్రేకు వదులు, బ్రేకు వదులు" అని చెవిలో జోరీగలా పోరితే, లోపలి కంప్యూటర్ అదే నమ్ముతుంది. ఇక అక్క ఎంత బలంగా మీట లాగినా ఒకటే.

*

భోజనం బెల్లు మోగాక, స్టోర్ రూమ్‌లో నెమలి ఎదురుచూస్తోంది. పౌడర్ డ్రమ్ముల మధ్య పట్టుచీర, చెవులకి జూకాలు, ఎర్రటి పొడుగాటి గోళ్ళు. ఆ గదిలోకి సెంటు వాసన రావడం బహుశా అదే మొదటిసారి.

"వేడి ఎంత?" అంది నెమలి. కోడ్.

"చెయ్యి కాలేంత" అంది మిర్చి. జవాబు.

"మైకు ఆన్‌లో ఉందా? మంచిది, పెద్దాయన కూడా విననీ. దోషి దొరికింది. ఆ ముసలిదే, పిన్ని అంటారే, అది. జిగురేదో కలుపుతోంది. ఇవాళే అరెస్టు చేయించండి."

మిర్చి చెవిలో పెద్దాయన గొంతు గరగరలాడింది. "గుడ్. నేను పోలీసులకి చెబుతున్నాను."

మిర్చి జేబులో చెయ్యి పెట్టింది. తను పీకిన టేపు ముక్క ఒకటి తీసి ఇచ్చింది. "సాంపిల్. ల్యాబుకి పంపు."

నెమలి దాన్ని కవర్లో వేసి, పక్కనున్న రోల్ లాగి, ముక్క కోసి, కవరు మూతి మీద అడ్డంగా, నున్నగా, అంచులు కూడా లేవకుండా అంటించింది. మరుక్షణం ఏదో గుర్తొచ్చి మళ్ళీ తెరవాలనుకుంది. గోళ్ళతో అంచు కోసం గీకుతోంది, గీకుతోంది. దొరకడం లేదు.

మిర్చి ఆ వేళ్ళకేసే చూస్తోంది. ఫొటోలో కళ్ళజోడు పెదవులు కళ్ళ ముందు మెదిలాయి.

"నువ్వు కూడా నెలల తరబడి మాస్కింగ్ చేశావటగా?"

"చేశాను కదా, వేళ్ళు అరిగిపోయాయి తల్లీ."

"మరి చెవి మడవలేదేం?"

నెమలి తలెత్తింది. "ఏ చెవి?"

అయిపోయింది. ఆ రెండు మాటలూ చాలు.

"సార్" అంది మిర్చి మైకుతో, "ఈవిడ జన్మలో మాస్కింగ్ లైన్ మొహం చూడలేదు. ఈవిడ రాసిన రిపోర్టులన్నీ గాలి కబుర్లు. కళ్ళజోడు నోటికి టేపు అంటించింది కూడా ఈవిడే. లైన్ వాళ్ళయితే చచ్చినా అలా అంటించరు."

"మిర్చీ, ఆమె మన మనిషి..."

"మీ మనిషి! మా కళ్ళజోడు ఎవరి మనిషి సార్?"

అప్పటికే నెమలి హ్యాండ్ బ్యాగులోంచి చిన్న పిస్తోలు బయటికొచ్చింది. మొహంలో నవ్వు మాత్రం పోలేదు. "తెలివైనదానివే. పాపం, అతను కూడా తెలివైనవాడే."

ఆ "పాపం" అన్న మాటకి మిర్చికి ఇంక తమాయించుకోవడం చేతకాలేదు. గోడకి వేలాడుతున్న పౌడర్ గన్ లాగి మీట నొక్కింది. పసుపు పొడి భుస్సున పొంగి నెమలి మొహాన్ని కమ్మేసింది. తూటా డ్రమ్ముకి తగిలింది. కళ్ళు మూసుకుపోయి దగ్గుతున్న నెమలిని మిర్చి మెడ వంచి నేల మీద కూలేసి, రెండు చేతులూ వెనక్కి విరిచి టేపు చుట్టింది. చివర శ్రద్ధగా చెవి మడిచింది.

"పోలీసులు విప్పుకోవడానికి సుఖంగా ఉంటుంది" అంది.

పసుపు మొహంతో నెమలి పడీపడీ నవ్వింది. "విప్పుకోనీ. ట్రాన్స్‌మిటర్ బండిలోనే ఉంది, ఎక్కడుందో వెతికే టైమ్ నీకు లేదు. దిగుడు మొదలవగానే దానంతట అదే పని మొదలెడుతుంది. సాయంత్రం కదా ట్రిప్పు అనుకుంటున్నావా? ముందుకి జరిపారు. బండి బయల్దేరింది."

మిర్చి మైకు బొత్తాం నోటి దగ్గరికి లాక్కుంది. "సార్, నిజమేనా?"

"అతిథులకి సాయంత్రం చలిగాలి పడదన్నారు. ప్రొద్దున్నే చెప్పారు."

"నాకు చెప్పలేదేం?"

"నువ్వు అడగలేదు."

"ఆపించండి! ఇప్పుడే!"

"కంట్రోల్ రూమ్‌కి చేశాను. రాతపూర్వకంగా పంపమంటున్నారు."

మిర్చి ఏం తిట్టిందో పెద్దాయన తర్వాత ఎవరికీ చెప్పలేదు. అక్కకి ఫోన్ చేసే దారి లేదు. డ్యూటీ ఎక్కే ముందు డ్రైవర్ల ఫోన్లు లాకర్లో పెట్టించేస్తారు. పిన్ని గేటు దగ్గర నిలబడి ఉంది. "పిన్నీ, ఆ బండి తాళాలు!" అని అరిచింది మిర్చి. ఫ్యాక్టరీ మోటార్ సైకిలు తాళాలు గాల్లో ఎగిరొచ్చాయి. ఎందుకని పిన్ని అడగలేదు.

*

దిగుడుకి ముందున్న స్టేషన్లో మిర్చి మోటార్ సైకిల్ని ప్లాట్‌ఫామ్ మీదికే ఎక్కించింది. గార్డు ఈల వేశాడు. తలుపులు మూసుకుంటున్నాయి. బండి వదిలేసి దూకింది. చివరి బోగీలో మోకాళ్ళ మీద పడింది. వెనక కోటు కొస తలుపుల మధ్య చిక్కుకుంటే చింపేసుకుంది.

లోపల కొత్త బట్టలు, పూల గుత్తులు, ఫొటోలు దిగుతున్న జనం. పసుపు పొడితో, గుడ్డ టోపీతో ఉన్న ఆమెని చూసి ఒకాయన కాళ్ళు వెనక్కి లాక్కున్నాడు.

గోడకున్న ఎమర్జెన్సీ మైకు నొక్కింది. డ్రైవర్ క్యాబిన్‌కి నేరుగా వెళ్తుంది అది.

"ఎవరు? ఏంటి ఎమర్జెన్సీ?" అక్క గొంతు. డ్యూటీ గొంతు.

"అక్కా, నేను. బండాపు."

"నువ్వా! నువ్వెక్కడున్నావే?"

"చివరి బోగీలో. తర్వాత తిట్టు. బ్రేకు వెయ్యి!"

చెల్లెలి గొంతులో ఏం వినిపించిందో, అక్క ఇంకేం అడగలేదు. మీట లాగిన చప్పుడు మైకులో వినబడింది. బండి ఆగలేదు. కిటికీ బయట చెట్లు ఇంకా వేగంగా వెనక్కి పోతున్నాయి. చాలా కింద రేవు, నీళ్ళు, చివరి స్టేషన్ రేకుల కప్పు.

"పట్టడం లేదు" అంది అక్క. "ఎమర్జెన్సీ కూడా లాగాను. పట్టడం లేదే."

ఎమర్జెన్సీ ఆర్డరు కూడా ఈ బోగీలో ఉన్న ప్రధాన బ్రేకు పెట్టెలోంచే బండి మొత్తానికీ పోవాలి. అది చివరి సీటు కింద, ఇనుప తలుపు వెనక ఉంది. మిర్చి గోడకున్న మంటలార్పే సిలిండర్ పీకి తలుపు గడియ మీద బాదింది. ఎవరో కెవ్వుమన్నారు. "పిచ్చిదేమో, పట్టుకోండి!" అని ఎవరో అరిచారు. "పట్టుకోండి చూద్దాం!" అని అంతకంటే గట్టిగా అరిచింది. ఎవరూ కదల్లేదు. రెండో దెబ్బకి గడియ ఊడింది.

తన చేతులతో పొద్దుట్నుంచీ ఇలాంటి పెట్టెలకే టేపు వేసింది. ఎర్త్ చోటు ఎక్కడుందో కళ్ళు మూసుకుని చెప్పగలదు. క్లిప్పు నొక్కి రాగి నాలుక ఊడదీసింది. కింద ఇనుము తళతళ, అమాయకంగా. దాని మీద కోపం కొద్దీ ఉమ్మింది. ఉమ్మి గుండ్రంగా ముత్యంలా నిలబడింది.

"నీ యబ్బ" అంది మిర్చి, ఇనుముతోనో ముఠాతోనో పెద్దాయనతోనో.

ఇంటి తాళంచెవితో గీకడం మొదలుపెట్టింది. పొర సామాన్యంగా వదిలే రకం కాదు. నిలువుగా గీకింది, అడ్డంగా గీకింది. బండి ఊగుతోంది. తాళంచెవి జారి వేళ్ళు చీరుకుపోయాయి.

"చెల్లీ" అంది అక్క మైకులోంచి, నెమ్మదిగా. "ఎదురుగా స్టేషన్ కనబడుతోంది. జనం చేతులూపుతున్నారే. వాళ్ళకి తెలీదు."

"మీట వదలకు!"

"వదల్లేదు. నువ్వు వెనక్కి వెళ్ళి గట్టిగా పట్టుకుని కూర్చో. చివరి బోగీ కదా, నీకేం కాదు."

ఆ మాటకి మిర్చికి ఏడుపూ కోపమూ కలిసి తన్నుకొచ్చాయి. "నోర్ముయ్ అక్కా! చచ్చే కబుర్లు చెప్పకు నాకు!"

ఇనుము మీద తెల్లటి గీతలు పడ్డాయి. తాళంచెవి పారేసి, రాగి నాలుకని ఆ గీతల మీద పెట్టి, అరచేత్తో ఒంట్లో ఉన్న బలమంతా వేసి నొక్కింది. చురుక్కుమంది. చెయ్యి తియ్యలేదు.

కింద చక్రాలు కీచుమన్నాయి.

సీట్లలోవాళ్ళు ముందుకి తూలిపడ్డారు. పూల గుత్తులు దొర్లాయి. ఆ కీచుమనే శబ్దం ఎంతకీ ఆగదే! మిర్చి ఆ చేతి మీద రెండో చెయ్యి వేసి నొక్కింది. రేకుల కప్పు నీడ కిటికీల మీదికొచ్చింది. ప్లాట్‌ఫామ్ మీద ఊపుతున్న చేతులు ఒక్కొక్కటే ఆగిపోయాయి, జనం వెనక్కి పరిగెత్తారు. ఆఖరికి ఒక పెద్ద కుదుపు. బండి నిలబడిపోయింది. ఇంజన్ ముక్కుకీ పట్టాల చివరనున్న అడ్డగోడకీ మధ్య ఒక మనిషి పక్కకి తిరిగి కూడా పట్టడు.

చెవిలో పెద్దాయన గొంతు దగ్గింది. "వెల్ డన్, మిర్చీ. రాతపూర్వకంగా ఇప్పుడే పంపాను."

మిర్చి చెవిలోంచి ఆ బొడిపె పీకి కిటికీలోంచి రేవులోకి విసిరేసింది.

అక్క బోగీలన్నీ దాటుకుంటూ వచ్చింది. యూనిఫాం నలగలేదు గానీ మొహంలో నెత్తురు చుక్క లేదు. వస్తూనే చెల్లెలి చెంప చెళ్ళుమనిపించింది. "బీమా కంపెనీయా? ఇన్నేళ్ళు నాతో అబద్ధమాడతావా? బండి పగలగొట్టి లోపల దూరే ఉద్యోగమేంటే నీది?"

"చెప్పకూడదు అక్కా."

అక్క కళ్ళు చెల్లెలి చేతి మీద పడ్డాయి. అరచెయ్యి కమిలిపోయి ఉంది, వేళ్ళ నుంచి నెత్తురు కారుతోంది. ఒక్కసారిగా కూలబడి ఆ చెయ్యి ఒళ్ళోకి లాక్కుంది. "చచ్చిపోతాననుకున్నానే" అంది. "నేను చచ్చినా ఫరవాలేదు, నువ్వు కూడా ఇందులోనే ఉన్నావన్నప్పుడు... నా కాళ్ళూ చేతులూ ఆడలేదే తల్లీ." చిన్నపిల్లలా భోరుమంది. మిర్చి కూడా ఏడ్చింది. ఉమ్మి, తిట్టి, బాది సంపాదించుకున్న అక్క అది. చుట్టూ ఉన్న పెద్దమనుషులంతా చూస్తున్నారని ఇద్దరికీ తోచలేదు.

కాసేపటికి అక్క రుమాలుతో చెల్లెలి చేతికి కట్టు కట్టింది, మిగిలిన కొసతో తన ముక్కు తుడుచుకుంది. లేచి టోపీ సరిచేసుకుంది. విరిగిన గడియనీ, సొట్టపడ్డ తలుపునీ, నేల మీది సిలిండర్నీ వరసగా చూసింది. మళ్ళీ డ్యూటీ గొంతు వచ్చేసింది.

"అదంతా సరే గానీ, టికెట్టు తీసుకునే ఎక్కావా?"